నాన్న సైకిల్‌కి వెనక లైటు కొనాలి, ఏది కొనమంటారు?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది చిలకలూరిపేట దగ్గర ఒక ఊరు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. మా నాన్నకి 58 ఏళ్లు, స్పిన్నింగ్ మిల్లులో పని. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని మూడు షిఫ్టులు, వారానికోటి మారుతూ ఉంటుంది. ఇంటి నుంచి ఏడు కిలోమీటర్లు పాత హీరో సైకిల్ మీదే వెళ్తాడు, అందులో కొంత దూరం హైవే అంచునే పోవాలి. మొన్నొక రాత్రి ఏదో బండి హ్యాండిల్‌కి రాసుకుంటూ పోయిందట, అమ్మ చెప్తే తెలిసింది. వెనక లైటు కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే 150 నుంచి 5000 దాకా ఉన్నాయి, లేజర్ అంటారు, 100 ల్యూమెన్స్ అంటారు, యూఎస్‌బీ అంటారు, బుర్ర తిరిగిపోయింది. నాన్నేమో "రిఫ్లెక్టర్ ఉందిగా, ఇంకా లైట్లెందుకు" అంటాడు. ఛార్జింగ్ పెట్టుకోవడం లాంటివి ఆయన వల్ల కాదు. ఇంట్లో మా అక్క కొడుకు రెండేళ్లోడు ఉన్నాడు, చేతికి ఏది దొరికితే అది పీకి నోట్లో పెట్టుకుంటాడు. వెయ్యి రూపాయల్లోపు ఏది కొనమంటావు? సంక్రాంతికి ఊరెళ్తున్నా, అప్పుడు తీసుకెళ్దామని.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు జవాబు చెప్పేస్తా, సోది తర్వాత. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ ఉంటాయి చూడు, ట్రిపుల్ ఏ అంటారు, అవి రెండు వేస్తే నడిచే ఎర్ర ఎల్ఈడీ లైటు కొను. బటన్ ఒక్కటే ఉండాలి, అదీ కాస్త పెద్దగా, చీకట్లో తడిమితే వేలికి తగిలేలా. మిణుకు మిణుకుమనే మోడ్ ఉన్నా లేకపోయినా నిలకడగా వెలిగే మోడ్ మాత్రం ఉండి తీరాలి. డబ్బా మీద ఐపీఎక్స్4 అనో అంతకంటే పెద్ద నంబరో ఉండాలి, వాన నీళ్లకి తట్టుకుంటుందని చెప్పే గుర్తు అది. మూడొందల నుంచి ఆరొందల లోపల ఇలాంటివి దొరుకుతాయి, నీ వెయ్యిలో ఇంకా మిగుల్తుంది, ఆ మిగిలిన దాంతో ఏం కొనాలో కూడా చెప్తా. సీటు కింద మాత్రం బిగించొద్దు, అది ఎందుకో కింద చెప్తా, అసలు గొడవంతా అక్కడే ఉంది.

నువ్వు ల్యూమెన్స్ గురించి అడిగావు గానీ, నీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన ముక్క "ఛార్జింగ్ పెట్టుకోవడం ఆయన వల్ల కాదు" అన్నది. లైటు కొనేవాళ్లు వేరు, దాన్ని రోజూ వేసేవాళ్లు వేరు అయినప్పుడు వేసేవాళ్లని చూసి కొనాలి. నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని ఎంత మంచి యూఎస్‌బీ లైటు కొని పంపినా, రెండో వారానికి అది ఛార్జింగ్ అయిపోయి సైకిల్‌కి వేలాడుతూ ఉంటుంది, నాన్న అలాగే తొక్కుకుంటూ పోతాడు, నువ్వు ఫోన్ చేసి "లైటు వేస్తున్నావా నాన్నా" అంటే "ఆఁ వేస్తున్నా" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు పాపం, వెనక లైటు వెలుగుతుందో లేదో తొక్కేవాడికి కనపడదు కదా, బటన్ నొక్కాడు, వెలిగిందనుకుంటాడు.

ఇది నాకూ జరిగిందే. నేను మంచి ఖరీదు పెట్టి ఛార్జింగ్ లైటు కొనుక్కుని, ఎప్పుడో నాలుగున్నరకి లేచి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు, 23 కిలోమీటర్లు, అక్కడికి పోతుండేవాణ్ణి. ట్రాక్ మీద భయం లేదు, ట్రాక్ దాకా పోవడమే మా బాధ. ఒకరోజు నార్సింగి దగ్గర టీ తాగడానికి ఆగితే, వెనకే వచ్చిన పాలబండి అతను "అన్నా, వెనక నీ లైటు ఎలుగుతలేదు, దగ్గరికొచ్చేదాక నువ్వున్నవని తెల్వలే" అన్నాడు. ఇంట్లో బయల్దేరేటప్పుడు బ్రహ్మాండంగా వెలిగింది. లిథియం బ్యాటరీ లైట్ల గుణం అది, చివరిదాకా ఒకే వెలుగుతో వెలిగి వెలిగి, అయిపోయే టైముకి చెప్పాపెట్టకుండా టప్పున ఆరిపోతాయి. కొన్నిట్లో బటన్ పక్కన చిన్న లైటు ఎర్రగా మారి హెచ్చరిస్తుంది, కానీ అది కూడా మన వెనకాలే ఉంటుంది కదా, ఎవరు చూస్తారు?

మామూలు సెల్ అలా కాదు. కొత్త ఆల్కలైన్ సెల్ ఒకటిన్నర వోల్టులు, రెండు కలిపితే మూడు, వాడుతున్న కొద్దీ మెల్లగా దిగుతూ వస్తుంది, లైటు కూడా రోజురోజుకీ మసకబారుతూ వస్తుంది గానీ ఒక్కసారిగా ఆరిపోదు. పైగా ఇందులో ఇంకో సుఖం ఉంది, ఎర్ర ఎల్ఈడీకి దాదాపు రెండు వోల్టులు చాలు, తెల్ల దానికైతే మూడు దాకా కావాలి. అందుకే ముందు లైటు సెల్స్ నీరసపడగానే ఏడుస్తుంది, వెనక ఎర్ర లైటు మాత్రం సెల్స్ సగానికి పైగా అయిపోయినా వెలుగుతూనే ఉంటుంది. మసక అయితే అమ్మకో పక్కింటి వాళ్లకో కనపడుతుంది, "ఏందయ్యా నీ లైటు గుడ్డిదైపోయింది" అంటారు. ఇంకోటి, ఆ సెల్స్ మీ ఊరి కిరాణా కొట్లో దొరుకుతాయి. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్ద ఫీచర్.

ఇప్పుడు ఎన్నాళ్లొస్తాయో చూద్దాం. ఏడు కిలోమీటర్లు ఆ సైకిల్ మీద అంటే ముప్పై అయిదు నలభై నిమిషాలు. పొద్దున షిఫ్టు అయితే చీకటితో వెళ్తాడు, వెలుగులో వస్తాడు, మధ్యాహ్నం షిఫ్టు అయితే రాత్రి పదింటికి చీకట్లో వస్తాడు, రాత్రి షిఫ్టు అయితే చీకట్లో వెళ్తాడు. అంటే మామూలుగా రోజుకి ఒక్క ట్రిప్పే చీకట్లో, వారానికి ఆరు రోజులు, మొత్తం నాలుగు గంటలు, చలికాలం రాత్రి షిఫ్టు వారంలో మాత్రం పొద్దున ఆరింటికి తిరిగొచ్చేటప్పుడు కూడా ఇంకా చీకటే కాబట్టి కాస్త ఎక్కువ. రెండు సెల్స్‌తో నడిచే చిన్న లైటు నిలకడ మోడ్‌లో బాగా వెలిగే టైము పాతిక ముప్పై గంటలు అనుకున్నా అయిదారు వారాలు వస్తుంది. డబ్బా మీద వంద గంటలు అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి వంద గంటలు ఆగొద్దు. టార్చిలైట్లకి ఎఫ్ఎల్1 అని అమెరికా వాళ్ల స్టాండర్డ్ ఒకటి ఉంది, దాని ప్రకారమే రన్‌టైమ్ అంటే మొదట్లో ఉన్న వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా పట్టే టైము, ఇంక ఏ స్టాండర్డూ లేకుండా డబ్బా మీద అచ్చేసినోడు ఏ గుడ్డి వెలుగు దాకా లెక్కపెట్టుకున్నాడో వాడికే తెలియాలి. కాబట్టి సింపుల్‌గా ఒక రూల్ పెట్టు, జీతం పడ్డ రోజు సెల్స్ మార్చాలి అంతే, వెలుగుతున్నా సరే మార్చాలి. తీసినవి పారెయ్యక్కర్లేదు, టీవీ రిమోట్‌లో వేస్తే ఇంకో ఆర్నెల్లు వస్తాయి, రిమోట్‌కి పెద్ద బలం అక్కర్లేదు. అమ్మకి ఈ ముక్క చెప్పు, రిమోట్ కోసమైనా ఆవిడే గుర్తు చేస్తుంది.

సెల్స్‌లో కూడా చవక రకం వద్దు. పది పదిహేను రూపాయలకి వచ్చేవి జింక్ కార్బన్ సెల్స్, వాటిలో పై డబ్బానే జింకు, కరెంటు ఇచ్చేకొద్దీ ఆ డబ్బానే కరిగి పల్చబడుతుంది, చివరికి కారి స్ప్రింగుల్ని తినేస్తుంది. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి తీసుకో. అవి కూడా ఏడాది తరబడి లోపలే వదిలేస్తే కారతాయి, తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు కనపడుతుంది, అప్పుడు చేత్తో ముట్టుకోకుండా పాత టూత్‌బ్రష్‌కి కాస్త నిమ్మరసం తీసుకుని రుద్దితే పోతుంది, తర్వాత బాగా ఆరనివ్వాలి. ఒకటి కొత్తది ఒకటి పాతది కలిపి వెయ్యొద్దు, నాన్నలందరూ చేసే పని అదే, "ఒకటి బానే ఉంది కదా" అని.

బటన్ సెల్స్‌తో నడిచే లైట్లు మాత్రం మీ ఇంటికి అసలు తీసుకెళ్లొద్దు. నూట యాభై రూపాయలకి రబ్బరు తొడుగుతో కప్పలాగా ఉండే లైట్లు వస్తాయి, ముద్దుగానే ఉంటాయి, వాటిలో సీఆర్2032 అనే బిళ్ల ఉంటుంది, రూపాయి బిళ్లలా. ఆ నంబర్‌కి అర్థం 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం అని. దానిలో ఉండే సరుకు రెండొందల ఎంఏహెచ్ చిల్లర, సన్న సెల్‌లో వెయ్యి దాకా ఉంటుంది, అందుకే బిళ్ల లైట్లు నాలుగు రోజులకే నీరసపడతాయి. అది సరే, అసలు భయం పిల్లోడితో. ఆ బిళ్ల మింగితే గొంతులో తడికి తగిలి కరెంటు పారి, రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, నీళ్లు తాగించి, అరటిపండు పెట్టి చూద్దాం అని ఇంట్లో కూర్చోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. మీ ఇంట్లో ఇప్పటికే గోడకి వేలాడే బొమ్మల్లోనో బరువు తూకం మిషన్‌లోనో ఈ బిళ్లలు ఉంటే వాటి మూత స్క్రూలు గట్టిగా ఉన్నాయో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూసిరా.

ఇక నాన్న మాట, "రిఫ్లెక్టర్ ఉందిగా". ఆయన్ని తప్పు పట్టను, రిఫ్లెక్టర్ మంచి వస్తువే, ఖర్చు లేదు, సెల్ అక్కర్లేదు. కానీ అది సొంతంగా వెలగదు. దాని లోపల సన్నసన్న మూలలు చెక్కి ఉంటాయి, ఏ దిక్కు నుంచి లైటు పడితే ఆ దిక్కుకే తిప్పి పంపిస్తుంది, అంటే వెనకొచ్చే బండి హెడ్‌లైట్ నేరుగా దాని మీద పడితేనే ఆ డ్రైవర్‌కి మెరుస్తుంది. ఆ బండికి హెడ్‌లైట్ ఒకటే ఉండి అదీ ఆకాశంలోకి చూస్తుంటే? పక్క రోడ్డు నుంచి హైవే ఎక్కుతున్న బండి అయితే? దాని లైట్లు ఇంకా మీ నాన్న వైపు తిరగలేదు కదా. పైగా మీ వైపు మిల్లుల దగ్గర రోడ్డు మీద లేచే దుమ్ము, వానకి ఎగిరే బురద కలిసి ఆ రిఫ్లెక్టర్ మీద ఒక పొర కట్టి ఉంటుంది, ఫోన్ చేసి అడుగు, ఆఖరిసారి ఎప్పుడు తుడిచాడో.

ఒక చిన్న లెక్క వేసి చూపిస్తా, ఇది నాన్నకి కూడా చెప్పు. వెనకొచ్చే వ్యాన్ గంటకి 60 కిలోమీటర్ల మీద ఉందనుకో, మీ నాన్న 12 మీద తొక్కుతున్నాడు, అంటే సెకనుకి 13 మీటర్ల చొప్పున ఆ బండి ఆయన దగ్గరికొచ్చేస్తుంది. డిమ్ లైటులో ముదురు రంగు చొక్కా వేసుకున్న మనిషి ఏ నలభై మీటర్ల దూరంలోనో కనపడతాడు, అంటే మూడు సెకన్లు. అందులో ఒకటిన్నర రెండు సెకన్లు డ్రైవర్ చూసి, ఇదేంటి అని అర్థం చేసుకుని, కాలు బ్రేక్ మీదకి తెచ్చేసరికే అయిపోతాయి. అదే ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే మూడొందల మీటర్ల నుంచే తెలుస్తుంది, ఇరవై సెకన్ల పైమాటే, టీ సిప్ చేస్తూ పక్కకి తీసుకోవచ్చు. మీరేమో సంక్రాంతి మంచు రోజుల్లో పొద్దున ఐదింటికి పోయే మనిషి గురించి అడుగుతున్నారు, పైగా సీజన్‌లో ఆ రోడ్డు మీద మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు ఎత్తుగా వేసుకుని వెనక ఒక్క లైటు లేకుండా పోయే ట్రాక్టర్లు, వాటిని తప్పించబోయి అంచుకి వచ్చేసే కార్లు. రిఫ్లెక్టర్‌ని తీసెయ్యమనట్లేదు, గుడ్డతో తుడిచి ఉంచు, లైటు దాని పక్కన తోడు.

ల్యూమెన్స్ సంగతి. ల్యూమెన్ అంటే ఆ లైటు మొత్తం ఎంత వెలుగు చిమ్ముతుందో చెప్పే లెక్క, వెనక డ్రైవర్ కంట్లో ఎంత పడుతుందన్నది వేరే లెక్క, దాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు. అద్దం సరిగ్గా చేసిన లైటు పది ల్యూమెన్స్ ఉన్నా దూరానికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అద్దం చెత్తదైతే వంద ఉన్నా సైకిల్ చుట్టూ ఎర్రగా మరకేసినట్టుంటుంది. బ్రిటన్‌లో మిణుకు లైటుకి చట్టం అడిగేది కనీసం 4 క్యాండెలాలే. రాత్రిపూటకి పది ఇరవై ల్యూమెన్స్ హాయిగా సరిపోతాయి. వంద, రెండొందలు అన్నవి పట్టపగలు ఎండలో కూడా కనపడాలని చేసినవి, రాత్రి అవి వేస్తే వెనకొచ్చే టూవీలర్ అతని కళ్లు బైర్లు కమ్ముతాయి, మనకి మంచి చెయ్యబోయి వాణ్ణి గుడ్డివాణ్ణి చేసినట్టు. రోడ్డు మీద రెండు ఎర్ర గీతలు గీసే లేజర్ లైట్లు చూసే ఉంటావు, ఫొటోలో భలే ఉంటాయి, హైవే మీద బండ్ల హెడ్‌లైట్ల వెలుతురులో ఆ గీతలు ఎవడికీ కనపడవు, ఆ డబ్బులు దండగ.

మిణుకు మోడా, నిలకడ మోడా అని సైకిల్ తొక్కేవాళ్లంతా ఎప్పటికీ తెగని తగాదా పెట్టుకుంటారు. జర్మనీలో సైకిల్‌కి మిణుకు లైటు పెట్టడం రూల్ ప్రకారం కుదరదు, బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు. నా మట్టుకు నేను చెప్పేదేంటంటే, మిణుకు త్వరగా కంట్లో పడుతుంది నిజమే, కానీ చీకటి రోడ్డు మీద ఒక చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటే అది ఎంత దూరంలో ఉంది, కదులుతుందా ఆగి ఉందా అన్నది డ్రైవర్‌కి అంత తొందరగా అందదు. నిలకడ లైటుతో దూరం తెలుస్తుంది. నాన్న వెళ్లేది వీధిలైట్లు లేని రోడ్డు కాబట్టి నిలకడ మోడే వెయ్యమను. సెల్స్ తొందరగా అయిపోతాయి అంటాడు, అవనీ, నెలకో జత లెక్క వేసింది నిలకడ మోడ్‌కే కదా.

లైటు చేతికి రాగానే సైకిల్‌కి బిగించే ముందు ఒకసారి మంచం మీద కూర్చుని విప్పి చూడు. మూత తీస్తే ఒక పక్క స్ప్రింగు, ఒక పక్క రేకు, మధ్యలో సెల్స్. మూత అంచు చుట్టూ సన్న రబ్బరు రింగు ఉందా చూడు, నల్లగానో బూడిద రంగులోనో దారంలా ఉంటుంది, నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదే, సెల్ మార్చేటప్పుడు అది గాడిలోంచి లేచిపోయి మెలి పడితే మొదటి వానకే లైటు పోతుంది. ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుంది అని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పర్లేదని, నాలుగు ఉంటే మనకి చాలు, ఆ రింగు సరిగ్గా కూర్చున్నంత వరకే లే ఇదంతా. తర్వాత సెల్స్ వేసి, వెలిగించి, అరచేతిలో గట్టిగా నాలుగైదు సార్లు కొట్టు, చింతపండు పిక్క రాలగొట్టినట్టు. ఆరిపోతే స్ప్రింగు బలం చాలట్లేదన్నమాట, స్ప్రింగుని కొంచెం బయటికి లాగి మళ్లీ కొట్టి చూడు, అప్పటికీ ఆరితే వాపస్ పంపించెయ్. ఈ పరీక్ష ఎందుకంటే, మీ నాన్న సైకిల్‌కి షాక్ అబ్జార్బర్లు లేవు, గుంటలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా ఆ స్ప్రింగుకే తగులుతుంది. అలా ఒక్క కుదుపుకి ఆరిపోయి మళ్లీ వెలగని లైట్లు నేను రెండు కొన్నాను, రెండూ రేటింగ్ నాలుగున్నర స్టార్లు.

బటన్ కూడా అప్పుడే చూడు. ఒక నొక్కుకి వెలగాలి, ఇంకో నొక్కుకో రెండు నొక్కులకో ఆరాలి. కొన్నిట్లో ఆరేడు మోడ్‌లుంటాయి, డిస్కో లైటులాగా, ఆపాలంటే రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, 58 ఏళ్ల మనిషి ఎనిమిది గంటలు మిల్లులో నిలబడి బయటికొచ్చి దాంతో కుస్తీ పట్టడు.

ఇప్పుడు బిగించడం. సీటు కింద వద్దన్నా కదా. ఈ లైట్లన్నీ క్యారియర్ లేని, సీటు కడ్డీ పొడుగ్గా బయటికి కనపడే గేర్ సైకిళ్ల కోసం చేసినవి, వాటితో వచ్చే రబ్బరు పట్టీ కూడా ఆ లావు కడ్డీకే. మన హీరో సైకిల్‌కి సీటు కింద జానెడు చోటు ఉండదు, దాని వెనకే క్యారియర్, క్యారియర్ మీద క్యారేజీ సంచి, అన్నం డబ్బా, ఒక్కోరోజు కూరగాయలు, చలికాలం అయితే మడతపెట్టిన దుప్పటి. సీటు కింద లైటు పెడితే అది వెలిగేది ఆ సంచికే. నేను కూడా బ్యాగు తగిలించుకుని నెల రోజులు తిరిగాక తెలిసింది, నా లైటు బ్యాగు లోపలి కుట్లకి దారి చూపిస్తోందని.

పెట్టాల్సింది క్యారియర్‌ని మోసే వెనక కడ్డీలుంటాయి కదా, ఇరుసు దగ్గర నుంచి పైకి వచ్చేవి, వాటిలో కుడి వైపు దానికి, సంచి వేలాడినా అందనంత కిందకి, కానీ చక్రం మట్టి నేరుగా కొట్టనంత పైకి. కుడి వైపు ఎందుకంటే మనం ఎడమ అంచున పోతాం, బండ్లు కుడి నుంచి దాటుతాయి. ఆ కడ్డీ సన్నగా ఉంటుంది, లైటు పట్టీ దానికి వదులైపోయి గిర్రున తిరుగుతుంది, కంగారు పడకు, సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగితే ఊరికే ఇస్తారు, వేలెడు వెడల్పు చీరి కడ్డీకి నాలుగైదు చుట్లు బిగించి చుట్టి, దాని మీద లైటు పట్టీ వేస్తే కదలదు. పైన ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కూడా లాగి కట్టు, మిల్లు సైకిల్ స్టాండ్‌లో ఎవడూ ఊడబీక్కుని పోకుండా. కానీ సెల్స్ మూత తెరుచుకునే వైపు ట్యాగ్ అడ్డం పడకుండా చూసుకో, లేకపోతే ప్రతి నెలా ట్యాగ్ కొయ్యాలి. కడ్డీ కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి లైటు మొహం నేలకో ఆకాశానికో తిరిగిపోతుంది, లైటు వెనక ఒక పక్కన ట్యూబు ముక్క మడిచి దూర్చి మొహం నిటారుగా వెనక్కి చూసేలా సర్దు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ ఈ లైట్ల అద్దం వెలుగుని ఇరుకు కోణంలో పంపిస్తుంది, కాస్త పక్కకి తిరిగితే సగం వెలుగు కూడా మిగలదు.

అయిపోయాక రాత్రి కరెంటు స్తంభాలు లేని చోటికి సైకిల్ తీసుకెళ్లి, నాన్నని సీటు మీద కూర్చోబెట్టు, క్యారియర్ మీద రోజూ పెట్టే సంచి పెట్టు, నువ్వు వెనక్కి వంద అడుగులు నడువు. అక్కణ్ణుంచి ఒకసారి నిలబడి చూడు, ఒకసారి వంగి టూవీలర్ మీద కూర్చున్నంత ఎత్తులో చూడు, రోడ్డు మధ్యకి జరిగి చూడు. తర్వాత ఇద్దరూ చోట్లు మారండి, నువ్వు సైకిల్ పట్టుకో, ఆయన్ని వెనక్కి నడిచి చూడమను, మొదట లైటు ఆపి, తర్వాత వేసి. నా అనుభవంలో పెద్దవాళ్లకి వంద మాటలు చెప్పేకంటే ఈ ఒక్క పని చేస్తే చాలు, మా మావయ్య అలాగే ఒప్పుకున్నాడు, "అమ్మో, నేనసలు లేనే లేను కదరా అక్కడ" అన్నాడు.

పాత రోజుల్లో లైటు లేకుండా రాత్రిపూట సైకిల్ మీద దొరికితే పోలీసులు టైర్లో గాలి తీసేసేవాళ్లు, మీ నాన్నకి గుర్తుండే ఉంటుంది, అందుకే అప్పట్లో డైనమోలు ఉండేవి. "అయితే డైనమోనే పెట్టించుకుంటా, సెల్స్ గోల ఉండదు" అంటాడేమో చూడు. టైరుకి రాసుకునే డైనమో పెడల్‌ని బరువు చేస్తుంది, వాన తడికి జారుతుంది, పైగా సైకిల్ ఆగిందంటే లైటు ఆగిపోతుంది. హైవే దాటడానికి ఆగి నిలబడ్డప్పుడే కదా లైటు కావాల్సింది.

మిగిలిన డబ్బుల సంగతి చెప్తానన్నా. ఒక నాలుగు ఆల్కలైన్ సెల్స్ ఎక్స్‌ట్రా కొను, లారీల వెనక అంటించే రకం ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు ఒక మీటరు కొని వెనక మడ్‌గార్డ్ మీద అంటించు, పెడల్స్ వెనక అంచులకి పసుపుది చిన్న ముక్కలు అంటించు. పెడల్స్ మీదది చాలా పని చేస్తుంది, అవి పైకీ కిందకీ ఆడుతూ మెరుస్తుంటే ఇది సైకిల్, మనిషి తొక్కుతున్నాడు అని వెనకవాడికి ఒక్క చూపులో తెలుస్తుంది. ఇంకా మిగిలితే అదే లైటు రెండోది కొని ఇంట్లో ఉంచు, ఒకటి చెడిపోయిన రోజు నువ్వు హైదరాబాద్ నుంచి పంపేదాకా ఆగక్కర్లేదు.

ఛార్జింగ్ లైటే కావాలనుకునే మిగతా పాఠకులకి రెండు ముక్కలు. టైప్ సీ పోర్టు ఉన్నా చవక లైట్లు కొన్ని రెండు వైపులా సీ ఉండే కేబుల్‌తో ఛార్జ్ అవ్వవు, లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు కక్కుర్తి పడి పెట్టరు, పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తో అయితే అవుతాయి, లైటు చెడిపోయిందని పారెయ్యకండి. ఛార్జింగ్ పోర్టు మీద రబ్బరు మూత వదులైతే వాన నీళ్లు అక్కణ్ణుంచే పోతాయి, ఆ మూత కిందకి చూసేలా బిగించుకోండి. ఎండాకాలం మాత్రం సైకిల్‌ని ఎండలో వదిలేసేవాళ్లు లైటు తీసి బ్యాగులో వేసుకోవాలి, లిథియం బ్యాటరీకి ఎండ పడదు, పల్నాడులో రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు కదా.

చెల్లెమ్మా, వెళ్లేటప్పుడు చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ ఒకటి బ్యాగులో వేసుకెళ్లి సెల్స్‌తో పాటు టీవీ పైన, పిల్లోడికి అందని చోట పెట్టించు. కొన్ని లైట్లకి మూత స్క్రూతో ఉంటుంది, అది దొరక్కపోతే మీ నాన్న వంటింట్లో చెంచా పట్టుకొచ్చి తిప్పుతాడు, స్క్రూ గాడి అరిగిపోతుంది, ఆ పైన అమ్మ చెంచా కోసం వెతుక్కుంటుంది.